ఎంగిలి తీగ

తీగకు రెండు కొసలుంటాయని పాలిటెక్నిక్‌లో చెప్పారు. తీగకు పరువు మర్యాదలు కూడా ఉంటాయని మాత్రం పెరుగుపాడు సహకార పాల డైరీలో చేరాకే తెలిసింది.

నా పేరు హైమవతి. ఆ డైరీలో మీటర్లు చూసుకునే ఇంజనీరుని. ఏడేళ్లుగా కాంట్రాక్టు మీద ఉన్నాను. మా డైరీలో కాంట్రాక్టు మనిషికి జీతం ఉంటుంది, పని ఉంటుంది, తిట్లు ఉంటాయి, కుర్చీ మాత్రం ఉండదు. కుర్చీ పర్మినెంటు వాళ్లకే. పరిహాసానికి చెప్పడం లేదు, అది మా సర్వీసు నిబంధన. “తాత్కాలిక సిబ్బందికి ఆసన సదుపాయము కల్పించినచో వారు స్థిరపడుదురు” అని ఏ మహానుభావుడో రాసిపెట్టాడు. అందుకని ఏడేళ్లుగా నేను బోర్లించిన పాల క్యాను మీద కూర్చుంటున్నాను. క్యాను అడుగున ఇనప అంచు ఒకటి ఉంటుంది. దాని సంగతి ఒకరు చెబితే అర్థం కాదు, కూర్చుంటేనే తెలుస్తుంది.

మా జనరల్ మేనేజరు పరాంకుశం గారు. ఆయన మాట్లాడితే సర్క్యులర్ చదివినట్టుంటుంది, సర్క్యులర్ రాస్తే శాసనం చెక్కినట్టుంటుంది. పోయిన వేసవిలో కోల్డ్ రూములో చల్లదనం తగ్గిందన్న కబురు ఆయన గదికి చేరేసరికి ట్యాంకు పాలు విరిగి కూర్చున్నాయి. కబురు తెచ్చిన అటెండరు దారిలో టీ తాగడానికి ఆగాడట. అప్పుడు నేను కల్పించుకుని, అటెండరుతో పనిలేకుండా మీటర్లే మీ కంప్యూటరుతో మాట్లాడేలా తీగ వేస్తానని చెప్పాను. బుద్ధి గడ్డి తిని చెప్పాను.

ఆ ఏర్పాటు చాలా సులువు. పాలు దింపే చోటు, పాలు కాచే చోటు, కోల్డ్ రూము, నెయ్యి సెక్షన్, బాయిలరు, ఇలా అయిదు చోట్ల వేడీ చల్లదనం కొలిచే అయిదు మీటర్లున్నాయి. జడలా మెలిపెట్టిన రెండు తీగలు జీఎం గదిలో బయలుదేరి, మొదటి మీటరు దగ్గరికి వెళ్లి, అక్కణ్ణించి రెండోదానికి, అక్కణ్ణించి మూడోదానికి, అలా వరసగా ఆఖరిదాకా పోవాలి. ప్రతి మీటరుకూ ఒక నంబరు. కంప్యూటరు ఒక నంబరు పిలుస్తుంది, ఆ నంబరు మీటరొక్కటే బదులు చెబుతుంది, మిగతావి నోరు మూసుకుంటాయి. తీగ కొసకు వెళ్లిన మాట అక్కడ ఆగిపోదు. గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి, వెనకాల వస్తున్న మాటకు అడ్డం పడుతుంది. అందుకని రెండు కొసల్లో చెరొక చిన్న రెసిస్టరు పెడతారు. నూట ఇరవై ఓములది, బియ్యపుగింజంత ఉంటుంది. కొసకొచ్చిన మాటను అది మింగేస్తుంది. అంతే సంగతి.

పరాంకుశం గారు కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత ఒక్కటే అడిగారు.

“అనగా, నా గదిలోని యంత్రము అడిగే పర్యంతము ఎవ్వరూ నోరెత్తరు?”

“ఎత్తరు సార్.”

“అడుగబడినవాడు మినహా ఇంకొకడు జవాబు చెప్పడు?”

“చెప్పడు సార్.”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్ల సర్వీసులో మనుషుల చేత చేయించలేకపోయిన పని ఇదేనన్నారు. అక్కడికక్కడే మంజూరు చేశారు. పాడి మంత్రిగారి చేత ప్రారంభోత్సవం పెట్టిద్దామన్నారు. ఆ రోజు తెర మీద అయిదు పచ్చదీపాలూ వెలిగితే నా పర్మినెంటు ఆర్డరు మీద సంతకం పెడతానన్నారు. వెలగకపోతే నా కాంట్రాక్టు ఆ రోజుతోనే సరి అన్నారు. నేను ధైర్యం చేసి కుర్చీ మాటెత్తాను. “కుర్చీ సహితముగా” అన్నారాయన.

ఆ రాత్రి నాకు కుర్చీ కలలోకి వచ్చింది. చేతులున్న కుర్చీ.

మర్నాడు తీగ వెళ్లే దారి గీసి, సెక్షన్ల పెద్దలందరినీ పిలిచి చూపించాను. పటం చూసీ చూడగానే నెయ్యి సెక్షన్ సుభద్రాదేవి గారు కళ్లజోడు సవరించుకున్నారు. సుభద్రాదేవి గారు డైరీలో అందరికన్నా పాత మనిషి. ఆవిడ సెక్షన్‌లో చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుంటేగాని అడుగు పెట్టనివ్వరు. పరాంకుశం గారిని సైతం ఒకసారి గుమ్మంలోనే నిలబెట్టారు.

“అమ్మాయ్, ఈ తీగ నా దగ్గరికి ఎక్కడెక్కడ తిరిగొస్తుంది?” అని అడిగారు.

చెప్పాను. పాలు దింపే చోటునుంచి, పాలు కాచే చోటునుంచి, కోల్డ్ రూమునుంచి అని.

“అంటే ముగ్గురు నోట్లో పెట్టుకున్నాక నాలుగోదాన్ని నేనన్నమాట. పేడకాళ్ల మధ్యనుంచి ఈడ్చుకొచ్చిన ఎంగిలి తీగ నా నెయ్యికి ముట్టిస్తావా?”

నేను నవ్వాను. అదే నా తప్పు. ఇంకెవరూ నవ్వలేదు. కోల్డ్ రూము చక్రధరరావు గారు గొంతు సవరించుకుని, ఎంగిలి మాట తనకు తట్టలేదుగాని ఇప్పుడు తట్టింది కాబట్టి తనకూ అభ్యంతరమేనన్నారు. పాలు కాచే సెక్షన్ వారు, పాలు దింపేవాళ్లు వాడి వదిలేసిన సిగ్నల్ తమకెందుకని అడిగారు. పాలు దింపే సెక్షన్ వారు మొదటి వరసలో ఉన్నారు కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదనుకున్నాను. వాళ్లూ లేచారు. తమ సిగ్నల్ అంతా తాగేసి తర్వాతివాళ్లు దిష్టి పెడతారట.

తీగలో పోయేది అన్నం కాదు, కరెంటు అని చెప్పాను. కరెంటుకు ఎంగిలి లేదని రాతపూర్వకంగా ఇవ్వగలవా అని చక్రధరరావు గారు అడిగారు. ఒళ్లు మండిపోయింది. బాయిలరు మస్తాన్ వలీ ఒక్కడే నా పక్క నిలబడ్డాడు. “నాకేం పర్లేదు మేడమ్. ఎవురు కొరికి ఇచ్చినా నేను తీసుకుంటా. బాయిలరు కాడికి వచ్చినాక ఏదైనా కాలిపొయ్యేదే గదా” అన్నాడు.

సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చింది. “ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఏ విభాగమునకును అన్య విభాగముచే స్పృశింపబడిన సంకేతము సరఫరా చేయరాదు. ప్రతి విభాగమునకు జనరల్ మేనేజరు గారి గది నుండి నేరుగా, తాజాగా, ప్రత్యేక తంతువు వేయవలెను.”

వేశాను. ఒక్క ముడి దగ్గర అయిదు తీగలు బయలుదేరి అయిదు దిక్కులకు పోయాయి. వరసగా పోవలసిన తీగను అలా కొమ్మలు కొమ్మలుగా చీలిస్తే ప్రతి కొమ్మ కొసనుంచీ మాట తిరిగొస్తుంది. తెర మీద ఒకసారి అంకె కనిపిస్తే పదిసార్లు ఎర్రదీపం కనిపించింది. ఆ సంగతి విన్నవించుకుంటే పరాంకుశం గారు, సంకేతమైనా ఈ ప్రాంగణంలో తిరుగుతున్నంతకాలం డైరీ నిబంధనలకు లోబడవలసిందేనన్నారు.

తర్వాత నంబర్ల గొడవ.

నేను ఒకటి నుంచి అయిదుదాకా వరసగా ఇచ్చాను. ఇచ్చిన గంటలో పర్సనెల్ ఆఫీసరు నరహరి గారు పరిగెత్తుకొచ్చారు. నరహరి గారి ఉద్యోగమల్లా ఎవరు ఎవరికన్నా పెద్దో తేల్చడం, ఎవరు కుర్చీలో కూర్చోవచ్చో చూడడం. సీనియారిటీ జాబితా కోర్టులో ఉందనీ, తీర్పు వచ్చేదాకా ఎవరినీ రెండో నంబరు అనడానికి వీల్లేదనీ, అన్నామంటే కోర్టు ధిక్కారమనీ చెప్పారు.

“అయితే ఏ నంబరు ఇమ్మంటారు?”

“అందరికీ ఒకటే నంబరు. ఒకటో నంబరు.”

అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరని మా అమ్మమ్మ అంటుండేది. నరహరి గారితో ఆ మాట అంటే, మోసేవారి పోస్టులు రద్దయ్యాయని చెప్పారు. అయిదు మీటర్లకూ ఒకటో నంబరే పెట్టాను. కంప్యూటరు ‘ఒకటీ’ అని పిలవగానే అయిదు మీటర్లూ ఒక్కసారిగా బదులు చెప్పాయి, కుళాయి దగ్గర బిందెల గొడవలాగా. తెర మీద పడ్డ వేడి అంకె ప్రకారం ఆ క్షణాన మా డైరీ సూర్యుడి మీద ఉంది. పరాంకుశం గారు మాత్రం మురిసిపోయారు. సిబ్బంది ఇంత ఉత్సాహంగా స్పందించడం తాను ఎన్నడూ చూడలేదన్నారు. మాట వేగం కూడా అందరికీ సమానంగా ఉండాలని నేను పెడితే, జీతం స్కేలును బట్టి వేగం ఉండాలని నరహరి గారు ఇంకో కాగితం పంపారు. దాని సంగతి ఇక రాయను. రాస్తే మళ్లీ రక్తపోటు వస్తుంది.

ఇంత జరిగినా నేను ఆశ వదల్లేదు. కుర్చీ ఆశ అలాంటిది. జీఎం గదిలో ఒక రెసిస్టరు, అందరికన్నా దూరాన ఉన్న బాయిలరు దగ్గర ఇంకొకటి పెట్టి, కనీసం ఆ ఒక్క మీటరైనా సరిగ్గా మాట్లాడుతుందేమో చూద్దామనుకున్నాను. పెట్టి ఇటు తిరిగేసరికి వెనకాల చక్రధరరావు గారు.

“అదేంటమ్మా అది?”

“రెసిస్టరండి.”

“జీఎం గారికి ఒకటి, మస్తాన్‌కి ఒకటీనా?”

ఆ మధ్యాహ్నం కోల్డ్ రూములో పని ఆగిపోయింది. తామేం పాపం చేశామని ధర్నా. గేటు దగ్గర డేరా వేశారు. “రెసిస్టరు మా జన్మహక్కు” అని అట్టముక్క మీద రాసి పాల క్యానుకు తగిలించారు. అది నా క్యానే. ధర్నా సాగిన రెండు రోజులూ నేను నిలబడే పనిచేశాను. అది మాటను మింగే వస్తువు, ఎక్కువైతే అసలు మాటనే మింగేస్తుందని డేరాలోకి వెళ్లి మరీ చెప్పాను. మింగే వస్తువు కాబట్టే పైవాళ్లు తమదగ్గర దాచుకున్నారని జనం అర్థం చేసుకున్నారు.

చర్చలు జరిగాయి, ఒప్పందం కుదిరింది. సెక్షన్‌కు ఒకటి కనీస రెసిస్టరు. ఆఫీసరు హోదా ఉంటే అదనంగా ఒకటి. దీర్ఘకాల సేవకు ఇంకొకటి. ఆ లెక్కన సుభద్రాదేవి గారి మీటరుకు గుత్తిగా వేలాడదీయాల్సి వచ్చింది. ఆవిడ వాటికి కుంకుమ పెట్టారు. ఇక కంప్యూటరు ఎంత గట్టిగా పిలిచినా ఆ పిలుపు గది దాటడం లేదు. దారిపొడుగునా మింగేవాళ్లే.

అయినా తీగలో ప్రాణం ఇంకా కొంచెం మిగిలుంది. దాన్నీ తీసిన ఘనత పరాంకుశం గారిది.

జంటలోని రెండు తీగల్లో ఒకదాని పేరు ‘ఎ’, ఇంకోదాని పేరు ‘బి’. మాట వెళ్లేది ఆ రెంటి మధ్య తేడాలోనే. ఇద్దరు అక్కచెల్లెళ్లు వానలో నడిస్తే ఇద్దరూ ఒకేలా తడుస్తారు, ఎవరు ఎంత పొడుగన్న తేడా మాత్రం మారదు. మోటార్ల గోల, బాయిలరు రొద ఆ వాన లాంటివి. రెండింటి మీదా సమానంగా పడతాయి గనక తేడా చెక్కుచెదరదు. అంత తెలివైన ఏర్పాటు అది. దాన్ని తనిఖీకి వచ్చిన పరాంకుశం గారికి నేనే వివరించాను. బుద్ధి మళ్లీ గడ్డి తింది.

ఆయన ముఖం గంభీరంగా మారింది. “ఈ సంస్థలో ‘ఎ’ తరగతి, ‘బి’ తరగతి అన్న తేడాలను నేను ఉద్యోగంలో చేరిన నాడే నిరసించాను. ఒక్క జడలో ఉన్న రెండు తీగల మధ్య భేదభావమా?” అన్నారు.

తేడా లేకపోతే మాటే ఉండదు సార్ అన్నాను. తేడాలు లేని చోటే నిజమైన మాట పుడుతుందని ఆయన అన్నారు. వెంట ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. సర్క్యులర్ వచ్చింది. రెండు తీగలనూ ప్రతి మీటరు దగ్గరా కలిపి ముడివేసి, ఆ ముడికి పూలదండ వేశారు. దానికి ‘సమతా సంధి’ అని పేరు పెట్టారు. ఫోటో దిగారు. ఆ ఫోటోలో ఏడుపుముఖంతో అంచున ఉన్నది నేనే.

తెర పూర్తిగా నల్లబడింది. అయిదు ఎర్రదీపాలు కూడా పోయాయి.

పరాంకుశం గారు నన్ను పిలిపించారు. సర్క్యులర్లన్నీ తూచా తప్పకుండా అమలైనా తీగ పలకడం లేదంటే, లోపం తీగలోనైనా ఉండాలి, ఇంజనీరులోనైనా ఉండాలి, తీగ కొత్తది అన్నారు. వచ్చే శుక్రవారమే ప్రారంభోత్సవం. ఆ రోజు నరహరి గారు నా కాంట్రాక్టు ముగింపు కాగితం కూడా సిద్ధంగా ఉంచుతారట, సమయం కలిసొస్తుందని. గదిలోంచి బయటికొచ్చి క్యాను మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను. మీటర్ల గదిలో ఎవరూ చూడరు.

నేను ఏడ్చిన ఆ రోజూ శుక్రవారమే. ప్రతి శుక్రవారం జీఎం గదిలోని వినాయకుడి పటానికి పూజ జరుగుతుంది. పూజ చేసేది యజ్ఞనారాయణ గారు. ఆయనదీ నా బతుకే, పూజకింత అని ఇస్తారు, కుర్చీ లేదు. చంకలో పీట పెట్టుకుని వచ్చి, దాని మీద కూర్చుని, చంకలో పెట్టుకునే పోతారు. పూజయ్యాక ఆయన చక్కెరపొంగలి పళ్లెం పట్టుకుని సెక్షన్లన్నీ తిరుగుతున్నారు. పాలు దింపేవాళ్లు చేతులు పెట్టి తీసుకున్నారు. కాచేవాళ్లు తీసుకున్నారు. చక్రధరరావు గారు వేళ్లు నాక్కుని ఇంకోసారి తీసుకున్నారు. అదే పళ్లెం నెయ్యి సెక్షన్ గుమ్మంలోకి వెళ్లింది. సుభద్రాదేవి గారు లేచొచ్చి, అదే పళ్లెంలోంచి, అదే పొంగలి, కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు.

నేను ఏడుపు ఆపేశాను. యజ్ఞనారాయణ గారి వెంటపడి ఆవిడకు ఎంగిలి గుర్తుకు రాలేదేమని అడిగాను.

“పిచ్చితల్లీ, ప్రసాదానికి ఎంగిలేమిటి?” అన్నారాయన.

ఆయన్ని అక్కడే ఆపి నా కష్టమంతా చెప్పుకున్నాను. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఆయన తన పీట వైపు చూసుకున్నారు. తర్వాత, “శాస్త్రంలో తీగల ప్రస్తావన లేదమ్మా” అన్నారు.

“పూజ చేయకూడదని ఉందా?”

“అలా లేదు.”

“మరింకేం అయ్యగారూ. రండి, పసుపు నేను తెస్తాను.”

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే, మంత్రిగారు రాకముందే, డైరీ క్షేమం కోసం తంతుపూజ అని ప్రకటించాం. పరాంకుశం గారు పట్టుపంచెలో వచ్చారు. కొత్త తీగచుట్టను వినాయకుడి ముందు పెట్టి యజ్ఞనారాయణ గారు బ్రహ్మాండంగా మంత్రాలు చదివారు. మధ్యలో ‘నూట ఇరవై’ అన్నట్టు నాకు వినిపించింది, నా భ్రమ కావచ్చు. తీగకు రెండంగుళాలకొకచోట పసుపు రాశాం. కొసలు పసుపులో ముంచాం. ఏది ‘ఎ’, ఏది ‘బి’ అన్నది దేవుడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియకుండా రెండూ పచ్చగా అయిపోయాయి. సమతా సంధి అంటే ఇదే సార్ అని పరాంకుశం గారితో అన్నాను. తలపంకించారు.

ఆ తీగ కొస పట్టుకుని యజ్ఞనారాయణ గారు ముందు, టెస్టరు పట్టుకుని నేను వెనక. పాలు దింపే చోట అందరూ తీగను కళ్లకద్దుకున్నారు. అక్కడ కలిపాను. అక్కణ్ణించి పాలు కాచే చోటికి, అక్కణ్ణించి కోల్డ్ రూముకు. ఒకరి చేతిలోంచి ఒకరికి, వరసగా, నేను మొదటిరోజు గీసిన దారిలోనే. తర్వాత నెయ్యి సెక్షన్ గుమ్మం. సుభద్రాదేవి గారు ఎదురొచ్చి, కొంగు పట్టి తీగను అందుకున్నారు. “మా సెక్షన్‌లో ఇంకాస్త ఎక్కువసేపు ఉంచండి” అన్నారు.

చివరికి బాయిలరు. ఆఖరి స్థానం మస్తాన్ వలీకి ఎందుకివ్వాలని చక్రధరరావు గారు ఆఖరి నిమిషంలో అడ్డుపడ్డారు. మొన్నటిదాకా ఆఖరు వద్దన్నవాడికి ఇప్పుడు ఆఖరే కావాలి. యజ్ఞనారాయణ గారు శాంతంగా, పూర్ణాహుతికి నిప్పు కావాలి నాయనా, అది అక్కడే ఉంది అన్నారు. మస్తాన్ వలీ చేతులు కడుక్కుని వచ్చి తీగ అందుకున్నాడు. “చూసినారా మేడమ్, నేను మొదటి రోజే చెప్పలేదా” అన్నాడు.

పాత తీగలు, పాత రెసిస్టర్లు అన్నీ పీకి, ఒక్కొక్క రెసిస్టరుకూ అద్దం పటం కట్టించి, సెక్షన్ పెద్దల తలల వెనక గోడకు తగిలించాను. పటాల్లో ఉన్నవి గౌరవ రెసిస్టర్లు. పనిచేసేవి రెండే, ఒకటి జీఎం గారి వినాయకుడి వెనక, ఇంకొకటి బాయిలరు దగ్గర పసుపుముద్దలో. ప్రతి మీటరు మీదా పెద్ద అక్షరాల్లో ఒకటో నంబరే ఉంచాను. లోపల మాత్రం అందరికీ ఒకే వేగం, నంబర్లు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. పిలిచే పేరు వేరు, పెట్టిన పేరు వేరు ఉన్నవాళ్లు మనలో ఎంతమంది లేరు.

మంత్రిగారు వచ్చి మీట నొక్కారు. ఒక పచ్చదీపం. రెండు. మూడు. నాలుగోది నెయ్యి సెక్షన్‌ది, ఒక క్షణం తటపటాయించి వెలిగింది. అయిదోది బాయిలరుది. కోల్డ్ రూములో పాలు ఎంత చల్లగా ఉన్నాయో తెర మీద కనబడుతుంటే అందరూ అదేదో సినిమాలాగా చూశారు.

పరాంకుశం గారు ప్రసంగించారు. సముచిత గౌరవము, ఏకసంఖ్యా విధానము, సమతా సంధి, వీటి ఫలితమే ఈ పచ్చదీపములు అన్నారు. మంత్రిగారు తీగను ముట్టుకుని, వేలికంటిన పసుపు చూసుకుని, ఇదే అసలు కిటుకు అన్నారు. రాష్ట్రంలోని డైరీలన్నిటికీ పసుపు తీగే వేయాలని అక్కడే ప్రకటించారు. నన్ను చూసి, ఈ అమ్మాయి పసుపు బాగా రాసింది అన్నారు. అదే నాకు దక్కిన మెప్పు.

సోమవారం నరహరి గారు ఆర్డరు పట్టుకొచ్చారు. విప్పాను. మంజూరైన పర్మినెంటు పోస్టు ఒక్కటేననీ, తంతువు పలికింది పూజ చేతనని ప్రభుత్వమే గుర్తించినందున, ఆ పోస్టును ‘తంతు పర్యవేక్షక అర్చకుడు’గా మార్చి శ్రీ యజ్ఞనారాయణ గారిని నియమించడమైనదనీ ఉంది. నా కాంట్రాక్టును మాత్రం దయతో పొడిగించారు. నా పని పసుపు నూరడం, ఇతర మీటరు పనులు.

“కుర్చీ?” అన్నాను. నోట్లోంచి అదొక్కటే వచ్చింది.

“అర్చకుల వారికి కేటాయించబడినది” అన్నారు నరహరి గారు.

కుర్చీ వచ్చింది. చేతులున్న కుర్చీ, నా కలలోకి వచ్చిందే. మీటర్ల గదిలోనే వేశారు. నేను క్యాను మీద కూర్చుని దాన్ని చూస్తున్నాను. ఏడ్చే ఓపిక కూడా లేదు, కోపమే ఉంది. అంత కోపం నాకెప్పుడూ రాలేదు. టెస్టరు తీసుకుని వెళ్లి వినాయకుడి వెనక రెసిస్టరు పీకేద్దామా అనుకున్నాను. లేచాను కూడా.

అప్పుడే యజ్ఞనారాయణ గారు వచ్చారు, చంకలో పీటతోనే, వెంట నరహరి గారితో. కుర్చీ వంక చూశారు. దాంట్లో ఎవరెవరు కూర్చున్నారో తెలియదనీ, తనకు పీట అలవాటనీ, దాని మీద కూర్చుంటేనే మంత్రం సాగుతుందనీ అన్నారు. అయితే నేను కూర్చోవచ్చా అని నరహరి గారిని అడిగాను. పర్మినెంటు ఉద్యోగికి కేటాయించిన ఆసనం, ఆయన కూర్చున్నా కూర్చోకున్నా, అది ఆయనదేనన్నారు. కాంట్రాక్టు మనిషి అందులో కూర్చుంటే అక్రమ ఆక్రమణట.

యజ్ఞనారాయణ గారు పీట కింద పెట్టారు. సంచిలోంచి పసుపుపొట్లం తీశారు. కుర్చీ నాలుగు కాళ్లకూ, రెండు చేతులకూ బొట్లు పెట్టారు. గిన్నెలో నీళ్లు తెమ్మని నరహరి గారికే పురమాయించారు. నరహరి గారు తెచ్చారు. ఏదో మంత్రం చదివి, కుర్చీ మీద నీళ్లు చల్లి, నా వైపు తిరిగారు.

“అమ్మా హైమవతీ, ఇది ప్రసాదం. తీసుకో.”

నరహరి గారు నిబంధనలన్నీ తిరగేశారు. నిబంధనల పుస్తకంలో ప్రసాదానికి సెక్షన్ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని అంటారు. మా డైరీలో పూజారే ఇచ్చాడు. కాసేపటికి నరహరి గారు రెండు చేతులూ ఎత్తి కుర్చీకి దణ్ణం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్లిపోయారు.

నేను కూర్చున్నాను. చీరకు పసుపు అంటింది, అంటితే అంటింది. చేతుల మీద చేతులు పెట్టుకుని, వెనక్కి ఆనుకున్నాను. ఏడేళ్ల తర్వాత వెన్ను ఆనించడమంటే ఏమిటో చెబితే అర్థం కాదు, కూర్చుంటేనే తెలుస్తుంది.

గంట తిరక్కుండానే గుమ్మంలో సుభద్రాదేవి గారు. ప్రసాదం కుర్చీ తమ సెక్షన్‌కూ పంపాలట. వెనకాలే చక్రధరరావు గారు. ముందు తనకు పంపాలట, ఆవిడ కూర్చున్నాకైతే వద్దట. వాళ్ల వెనక పరాంకుశం గారు, చేతిలో కాగితం, కాగితం మీద ‘ఇందుమూలముగా’ అన్నంతవరకే సిరా ఆరింది.

నేను మాత్రం లేవలేదు.